గీతలు చదువుకోవడానికి లండన్

లండన్‌కి పడమరగా ఇరవై మైళ్ల దూరంలో ఉన్న స్లౌ పట్టణాన్ని చూడ్డానికని ఎవరూ రారు. హీత్రోలో దిగే విమానాలు నెత్తిమీదుగా పోతుంటాయి. పెద్ద చాక్లెట్ ఫ్యాక్టరీ ఒకటి, దాని చుట్టూ గిడ్డంగులు. 1937లో జాన్ బెట్జమన్ అనే కవి ఈ ఊరి మీద బాంబులు పడితే బాగుండునని ఏకంగా పద్యమే రాశాడు. నేను అక్కడ దిగడానికి కారణం వేరు. విశాఖలో నా దగ్గర డిగ్రీ కెమిస్ట్రీ చదివి, ఆ కెమిస్ట్రీని అక్కడే వదిలేసి సాఫ్ట్‌వేర్‌లోకి మళ్లిన శిష్యుడొకడు ఇప్పుడు స్లౌలో స్థిరపడ్డాడు. "మేమిక్కడ ఉండగా మీకు హోటలేంటి మాస్టారూ, మాట పడతాం" అన్నాడు ఫోన్లో. లండన్ హోటళ్ల అద్దెలు అప్పటికే చూసి ఉన్నాను కాబట్టి నేనూ పెద్దగా మొహమాటపడలేదు.

వెళ్లిన పని చదువు. పాత చిత్రాలు, రాతప్రతులు, వస్త్రాలు, శిల్పాలు ఏ పదార్థాలతో తయారయ్యాయో ఇన్‌ఫ్రారెడ్, రామన్ స్పెక్ట్రోస్కోపీలతో కనిపెట్టడం ఎలాగో నేర్పే చిన్న శిక్షణ అది. స్పెక్ట్రోస్కోపీ నాకు కొత్తేమీ కాదు. ఏళ్ల తరబడి బోర్డు మీది గ్రాఫులో తరంగసంఖ్య 1700 దగ్గర ఒక లోయ గీసి, "ఇది కార్బొనిల్, పరీక్షలో తప్పకుండా వస్తుంది" అని చెప్పినవాణ్ణి. పిల్లలు రాసుకునేవారు, మార్కులు తెచ్చుకునేవారు. ఆ లోయ బయటి ప్రపంచంలో ఎక్కడ కనబడుతుందో వాళ్లు అడగలేదు, నేను చెప్పలేదు. రిటైరయ్యాక తాళపత్రాలు దాచుకున్న ఒక గ్రంథాలయం వాళ్లు, ప్రతుల మీద కట్టే చెక్క అట్టలను చూపించి, "వీటి మీది బొమ్మల రంగులేమిటి మాస్టారూ? తుడవొచ్చా, కూడదా?" అని అడిగారు. తుడవడం సంగతి తర్వాత, ముందు ఆ ఎరుపు ఇంగిలీకమో సింధూరమో జేగురో కూడా కంటితో చెప్పలేమని తేలింది. ఈ ప్రయాణానికి మూలం ఆ ప్రశ్నే.

స్లౌ వచ్చాకగానీ తట్టలేదు, నేను నేర్చుకోబోయే రెండు విద్యల్లో ఒకటి పుట్టింది ఈ ఊళ్లోనే అని. విలియం హెర్షెల్ హానోవర్ నుంచి వచ్చిన సంగీతకారుడు. బాత్ నగరంలో ఉండగా 1781లో యురేనస్‌ను కనిపెట్టి రాజుగారి ఖగోళ శాస్త్రజ్ఞుడయ్యాడు. ఆ తర్వాత స్లౌలో ఇల్లు తీసుకుని నలభై అడుగుల టెలిస్కోపు కట్టాడు. సూర్యుణ్ణి చూడ్డానికి రకరకాల రంగుటద్దాలు అడ్డం పెట్టుకునేవాడు. కొన్ని అద్దాల్లోంచి వెలుతురు తక్కువ వచ్చినా కంటికి వేడి ఎక్కువ తగలడం గమనించాడు. అయితే ఏ రంగులో ఎంత వేడి? 1800లో పట్టకంతో ఎండను రంగులుగా విడగొట్టి, బల్బులకు నలుపు పూసిన థర్మామీటర్లను ఒక్కో రంగులో పెట్టి చూశాడు. ఊదా నుంచి ఎరుపు వైపు వచ్చేకొద్దీ వేడి పెరిగింది. ఎరుపు దాటి, ఏ రంగూ పడని చోట పెట్టిన థర్మామీటరు అన్నిటికన్నా పైకెక్కింది. కంటికి కనబడని ఆ వెలుగే ఇన్‌ఫ్రారెడ్.

ఆదివారం నాడు శిష్యుడు కారులో ఊరు తిప్పాడు. హెర్షెల్ ఇంటిని 1960లలో కూల్చేశారు. సమాధి మాత్రం ఆప్టన్‌లోని సెయింట్ లారెన్స్ చర్చిలో ఉంది. రైల్వే స్టేషను పక్కన 2011లో కట్టిన బస్ స్టేషను పైకప్పు అలలు అలలుగా సాగుతుంది. హెర్షెల్ ఇన్‌ఫ్రారెడ్ ప్రయోగాన్ని మనసులో పెట్టుకునే వాస్తుశిల్పులు దానికా రూపం ఇచ్చారు. 2022లో అది అగ్నిప్రమాదంలో బాగా దెబ్బతింది. "రోజూ దీని ముందు నుంచే పోతాను మాస్టారూ, ఎవడో ఆర్కిటెక్టు సరదా అనుకున్నా" అన్నాడు మావాడు. వాళ్ల పాప వెనక సీట్లోంచి, "కనపడని లైట్‌ని ఎలా చూశాడు తాతగారూ?" అంది. చూడలేదమ్మా, థర్మామీటరుని అడిగాడు అన్నాను. ఆ మాట యథాలాపంగా అన్నదే. శిక్షణ మొదలయ్యాక తెలిసింది, పాఠమంతా దాని చుట్టూనే తిరుగుతుందని. మన కంటికి అందనిదాన్ని ఇంకొకరిని అడిగి తెలుసుకుంటున్నాం. ఆ ఇంకొకరికి ఏం తెలుసు, ఏం తెలియదు?

స్లౌ నుంచి ఎలిజబెత్ లైన్ ఎక్కితే టోటెన్‌హామ్ కోర్ట్ రోడ్డులో దిగొచ్చు. అక్కడి నుంచి నడక దూరంలో బ్లూమ్స్‌బరీ. బ్రిటిష్ మ్యూజియం, యూనివర్సిటీ కాలేజీ, ఇంకాస్త ఉత్తరానికి పోతే బ్రిటిష్ లైబ్రరీ, అన్నీ ఆ చుట్టుపక్కలే. లండన్‌లో ఈ విద్య వేళ్లూనింది కూడా ఇక్కడే. మొదటి ప్రపంచ యుద్ధంలో బాంబుల భయానికి బ్రిటిష్ మ్యూజియం వాళ్లు కొన్ని వస్తువుల్ని భూగర్భ రైలు సొరంగాల్లో దాచారు. యుద్ధం ముగిశాక తీసి చూస్తే చెమ్మకి లోహాలు తుప్పు పట్టి, రాళ్లకు ఉప్పు పూసి కనబడ్డాయి. ఇదేమిటో చెప్పమని అలెగ్జాండర్ స్కాట్ అనే రసాయన శాస్త్రజ్ఞుణ్ణి పిలిచారు. మ్యూజియంలో ప్రయోగశాల అలా వెలిసింది.

శిక్షణలో మా గురువు సన్నగా, పొడవుగా ఉండే ఆంగ్ల వనిత. గొంతు పెంచని మనిషి. రెండు యంత్రాలూ బల్ల మీద ఉన్నాయి గానీ మొదటి పూట వాటి మీది గుడ్డ తియ్యనివ్వలేదు. మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టి, "కనిపించింది రాయండి, అనుకున్నది రాయకండి" అంది. నా ఎదుట ఉన్నది శిక్షణ కోసం చేసిన నకిలీ చిత్రం నుంచి తీసిన పొలుసు. కంటికి ఒకే ఎరుపు. యాభై రెట్లు పెంచితే అందులో గాజు పొడిలా మెరిసే ముదురు ఎరుపు గింజలు కొన్ని, వాటి మధ్య నారింజ రంగు గుండ పలచగా, అక్కడక్కడ ఒక నల్ల రవ్వ, పైన పసుపు పట్టిన వార్నిషు పొర. నోటుబుక్కులో 'ఎరుపు' అని రాసిన మాట కొట్టేసి నాలుగు వాక్యాలు రాయాల్సి వచ్చింది. పక్కన కూర్చున్న లిస్బన్ అమ్మాయి కాగితం ప్రతుల మరమ్మతులో చెయ్యి తిరిగిన మనిషి. ఆమె అప్పటికే ఒక పేజీ నింపేసింది.

మధ్యాహ్నం ఇన్‌ఫ్రారెడ్ మొదలైంది. మా కాలేజీలో పొటాషియం బ్రోమైడ్‌తో కలిపి నూరి, బిళ్ల చేసి పెట్టేవాళ్లం. బిళ్ల చెమ్మ పీల్చి, గ్రాఫులో ఎప్పుడూ నీళ్లే కనబడేవి. ఇక్కడ ఆ తంటా లేదు. కందిగింజంత వజ్రం ఒకటి పళ్లెంలో బిగించి ఉంది. సూది మొనతో వార్నిషు తునక తీసి దాని మీద పెట్టి, పైనుంచి మరతో నొక్కితే చాలు. కింది నుంచి వచ్చిన ఇన్‌ఫ్రారెడ్ వెలుగు వజ్రం పైముఖాన్ని తాకి వెనక్కి మళ్లుతుంది. మళ్లేటప్పుడు తునకలో అడుగు పొరని కాస్త తడిమి వెళ్తుంది. అణువుల్లోని బంధాలు ఎల్లప్పుడూ సాగుతూ, వంగుతూ ఉంటాయి. ఏ బంధం ఏ లయలో కదులుతుందో ఆ లయకు సరిపడ్డ వెలుగుని మింగేస్తుంది. మింగిన చోట గ్రాఫులో లోయ పడుతుంది. నూనె అయితే 1740 దగ్గర, ప్రోటీను అయితే 1650, 1550ల దగ్గర జంటగా, మైనం అయితే 2900కి అటూ ఇటూ రెండు సూదుల్లా, తుమ్మ జిగురు అయితే 1000 పైచిలుకులో వెడల్పుగా.

నాకిచ్చిన తునకలో 1740 ఉంది, 1650 ఉంది, 1550 కూడా ఉంది. నూనె, ప్రోటీను. అంటే కొవ్వు, మాంసకృత్తులు రెండూ కలిసి ఉండేది గుడ్డు సొనలో కదా! యూరపు చిత్రకారులు శతాబ్దాల పాటు గుడ్డు సొనలో రంగులు కలిపారు. అదే చెప్పాను. ఆమె తల అడ్డంగానూ ఊపలేదు, నిలువుగానూ ఊపలేదు. "ఇదే గ్రాఫు ఇంకెన్ని రకాలుగా రావచ్చు?" అని అడిగింది. కైరో నుంచి వచ్చిన కుర్రాడు అందుకున్నాడు: కింద తోలు జిగురు పూసిన తెల్ల పూత, పైన అవిసె నూనె రంగు, తునకలో రెండు పొరలూ వచ్చి ఉంటే? అదే గ్రాఫు వస్తుంది. పైన నూనె రంగు వేసిన బొమ్మని వెనక నుంచి జిగురుతో అతికించి బాగుచేసి ఉంటే? అదే గ్రాఫు. లోయలు అబద్ధం చెప్పడం లేదు. ఏ పదార్థాలున్నాయో మాత్రమే చెబుతున్నాయి, అవి ఎవరి చేతి మీదుగా ఎప్పుడు చేరాయో వాటికి తెలియదు. అందుకే పొలుసుని అడ్డకోత కోసి, పొర వెంట పొర చూడాలి. మా డిగ్రీ సిలబస్‌లో ఒక గ్రాఫు, ఒక జవాబు. అక్కడ ఒక గ్రాఫు, మూడు కథలు. ఏ కథ నిలుస్తుందో తేల్చేది మైక్రోస్కోపులో రాసుకున్న ఆ నాలుగు వాక్యాలే.

అయితే నా ఎరుపు గింజల సంగతేమిటి? ఇన్‌ఫ్రారెడ్ వాటి గురించి నోరు విప్పలేదు. ఇంగిలీకం అంటే పాదరసం, గంధకం. బరువైన పరమాణువులు నెమ్మదిగా కదులుతాయి, వాటి లయ 400కి బాగా దిగువన ఉంటుంది. మామూలు ఇన్‌ఫ్రారెడ్ యంత్రం అంత కిందికి చూడలేదు. రామన్ అక్కడ అక్కరకొస్తుంది.

రామన్ పేరు లండన్‌లో వింటుంటే నాకు వాల్తేరు గుర్తొచ్చింది. ఆయన తండ్రి చంద్రశేఖర అయ్యర్ విశాఖపట్నం ఏ.వి.ఎన్. కాలేజీలో లెక్చరరు. పిల్లవాడు చదివింది అక్కడి సెయింట్ అలోషియస్ స్కూల్లో, సముద్రం వినబడేంత దూరంలో. 1921లో ఆయన ఇంగ్లండ్ వచ్చినప్పుడు సెయింట్ పాల్స్ గోపురంలోని గుసగుసల గ్యాలరీలో శబ్దం ఎలా ప్రయాణిస్తుందో కొలిచాడు. తిరుగు ప్రయాణం నార్కుండా ఓడలో. మధ్యధరా సముద్రపు నీలాన్ని డెక్కు మీద నుంచి పట్టకంతో పరిశీలించాడు. సముద్రం నీలం ఆకాశపు ప్రతిబింబమేనని లార్డ్ రేలీ చెప్పిన మాటని, నీటి అణువులే వెలుగుని చెదరగొడుతున్నాయని తిప్పికొడుతూ బొంబాయి రేవు నుంచి 'నేచర్' పత్రికకు ఉత్తరం రాశాడు. అక్కడ పట్టుకున్న దారం 1928 ఫిబ్రవరి 28న కలకత్తా బౌబజార్ వీధిలోని ప్రయోగశాలలో కొలిక్కి వచ్చింది. చెదిరిన వెలుగులో చాలా మట్టుకు వచ్చిన రంగులోనే పోతుంది. అతి కొద్ది భాగం, సుమారు కోటికి ఒక వంతు, అణువు కదలికతో ఇచ్చిపుచ్చుకుని రంగు మార్చుకుని వస్తుంది. ఆ మార్పు ఎంతో చూస్తే అణువేదో తెలుస్తుంది. కె.ఎస్. కృష్ణన్ వెంట ఉండి చేసిన పని అది. ఆ ఏడే రామన్ దగ్గర చేరిన మన ఆగిరిపల్లి కుర్రాడు సూరి భగవంతం, తర్వాత ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు వచ్చి భౌతికశాస్త్ర శాఖని నిలబెట్టాడు, రామన్ ప్రభావం మీద పుస్తకమే రాశాడు. ఇంత జరిగిన ఊళ్లో పాఠాలు చెప్పి, రామన్ యంత్రాన్ని ముట్టుకోవడానికి నేను ఇంత దూరం రావలసి వచ్చింది. దీన్ని గురించి మా శాఖ వాళ్లతో మాట్లాడాలి గానీ ఇక్కడ కాదు.

లేజరు చుక్క ఎర్ర గింజ మీద పడింది. నిమిషం కూడా పట్టలేదు. 252 దగ్గర నిటారుగా ఒక శిఖరం, 343 దగ్గర ఇంకొకటి. ఇంగిలీకం. అందులో ఎటువంటి సందేహమూ లేదు. పక్కనున్న నారింజ గుండ మీదికి జరిపాం. 548, 390, 120. సింధూరం, సీసపు ఆక్సైడు. నల్ల రవ్వ మీద 1350, 1590ల దగ్గర రెండు మొద్దు గుట్టలు. మసి. ఒక్క ఎరుపులో మూడు పదార్థాలు పక్కపక్కన, ఒక్కొక్కటీ వెంట్రుక మందంలో పదో వంతు లేదు. తునక తీయకుండా, చిత్రాన్నే మైక్రోస్కోపు కింద పెట్టి ఇది చేయొచ్చంటే మ్యూజియం వాళ్లు ఎందుకు రామన్‌ని ఇష్టపడతారో అర్థమవుతుంది.

ఆ ఇష్టం మీద ఆమె వెంటనే నీళ్లు చల్లింది. లేజరు శక్తి పెంచే మీట చూపించి, "తిప్పండి" అంది. నకిలీ చిత్రమే కాబట్టి ధైర్యంగా తిప్పాను. సింధూరం మీద మళ్లీ గ్రాఫు తీస్తే 548 సన్నబడి, 289, 143ల దగ్గర కొత్త శిఖరాలు లేచాయి. పుస్తకం తీసి చూస్తే అది మాసికాట్, పసుపు రంగు సీసపు ఆక్సైడు. మైక్రోస్కోపులోకి చూస్తే నారింజ నేల మీద పసుపు చుక్క. అక్కడ మాసికాట్ లేదు. లేజరు వేడికి సింధూరం మాడి మాసికాట్ అయ్యింది. ముందు చూడకుండా ఈ గ్రాఫు ఒక్కటే తీసి ఉంటే, చిత్రకారుడు ఎరుపులో పసుపు కలిపాడని నేను ఒక వ్యాసం రాసి ఉండేవాణ్ణి. సాక్షిని అడగబోయి సాక్ష్యాన్ని మనమే తయారు చేశామన్నమాట. మిల్లీవాటులో కొద్ది భాగంతో మొదలుపెట్టాలి, ఓపిక పట్టాలి, గ్రాఫు రాకపోతే రాలేదని రాయాలి.

రాకపోవడమే ఎక్కువ. పాత వార్నిషు, జిగురు, వృక్ష సంబంధమైన రంగులు లేజరు తగలగానే తామే వెలుగు చిమ్ముతాయి. కోటికొకటిగా వచ్చే రామన్ వెలుగు ఆ ఫ్లోరెసెన్స్‌లో పెళ్లి బ్యాండు మోతలో చెవిలో చెప్పిన మాటలా కొట్టుకుపోతుంది. ఆకుపచ్చ లేజరు వదిలేసి ఎరుపు అంచు దాటిన 785 నానోమీటర్ల లేజరుకి మారితే కొంత నయం. నా చెక్క అట్టల మీద వందేళ్ల దీపపు మసి, నూనె చేతుల జిడ్డు ఉన్నాయి. ఈ సంగతి విన్నాక వాటి మీద ఆశలు సగం చేసుకున్నాను.

భోజనాలకి బ్రిటిష్ లైబ్రరీ ముంగిట్లోకి వెళ్లేవాళ్లం. అక్కడ పావొలొజ్జి పోతపోసిన న్యూటన్ విగ్రహం వంగి కూర్చుని వృత్తలేఖినితో ఏదో కొలుస్తుంటుంది. వెలుగుని పట్టకంతో విడగొట్టిన ఆయన అక్కడ ఉండడం సబబే. కాకపోతే ఆ భంగిమకి మూలం విలియం బ్లేక్ వేసిన బొమ్మ. బ్లేక్ దాన్ని న్యూటన్‌ని పొగడ్డానికి వెయ్యలేదు, లోకమంత అందాన్ని వదిలి నేలచూపులు చూస్తున్నాడని ఎత్తిపొడవడానికి వేశాడు. గీతలు కొలుచుకుంటూ బొమ్మని మర్చిపోయే మావంటి వాళ్లకి అది గుమ్మం ముందే పెట్టిన చురక.

ఆ లైబ్రరీ సొత్తయిన లిండిస్‌ఫార్న్ సువార్తల గ్రంథం కథ ఆ మెట్ల మీదే విన్నాం. 8వ శతాబ్దం తొలినాళ్లలో ఉత్తర ఇంగ్లండ్ దీవిలో ఒక సన్యాసి రాసి, అలంకరించిన పుస్తకం. అందులోని నీలం లాపిస్ లాజులీ అని 1960లో పండితులు తేల్చారు. లాపిస్ దొరికేది అఫ్గానిస్తాన్ బదక్షాన్ గనుల్లో. అంటే ఆ కాలానికే అంత దూరపు వర్తకం ఉందన్నమాట అని చరిత్రకారులు దాని మీద మేడలు కట్టారు. యూనివర్సిటీ కాలేజీలో రాబిన్ క్లార్క్ అనే న్యూజిలాండ్ శాస్త్రజ్ఞుడు రామన్‌ని రాతప్రతుల మీదికి తిప్పినవాళ్లలో ముందువరస మనిషి. ఆయనా, కేథరిన్ బ్రౌనూ 2004లో ప్రచురించిన పరీక్షల్లో ఆ పుస్తకంలో లాపిస్ ఎక్కడా దొరకలేదు. నీలమంతా నీలిమందే. ఇంగ్లండ్ పెరట్లో పెరిగే వోడ్ మొక్క నుంచి వచ్చి ఉంటుంది. బదక్షాన్ మేడ కూలిపోయింది. అయితే ఇక్కడో మెలిక ఉంది: వోడ్ ఆకులోనూ మన నీలి మొక్కలోనూ ఉన్నది ఒకే అణువు. రామన్ 'నీలిమందు' అని చెబుతుంది, ఏ మొక్కదో చెప్పలేదు. వోడ్ అని చెప్పింది ఆ కాలపు ఇంగ్లండ్ గురించి మనకున్న తెలివిడి.

ఇంకో తమాషా: లాపిస్ ప్రధాన శిఖరం 548 దగ్గర ఉంటుంది. సింధూరానిదీ 548 దగ్గరే. ఒకటి గాఢనీలం, రెండోది నారింజ. అంకెలు మాత్రమే చూసేవాడు రెంటినీ కలిపేయగలడు. మైక్రోస్కోపులో ఒక్కసారి కన్నుపెట్టినవాడికి ఆ ప్రమాదం లేదు.

విన్‌లాండ్ పటం గురించి మాత్రం ఒక మధ్యాహ్నమంతా వాదించుకున్నాం. కొలంబస్‌కన్నా ముందే, 1440 ప్రాంతంలో, ఉత్తర అమెరికా తీరాన్ని చూపిస్తూ గీసిన పటమని 1965లో యేల్ విశ్వవిద్యాలయం ప్రకటించింది. తోలు పాతదే. సిరాలో మాత్రం అనటేస్ రూపంలో టైటానియం డయాక్సైడు ఉందని 1974లో వాల్టర్ మెక్రోన్ చెప్పాడు. అది 20వ శతాబ్దపు ఫ్యాక్టరీ సరుకు. లేదు, ఎక్కడో ధూళిలో కలిసి వచ్చిందని మరికొందరు. 2002లో బ్రౌన్, క్లార్క్ రామన్‌తో చూస్తే అనటేస్ సిరా గీతల పసుపు అంచుల్లోనే ఉంది, గీత లేని తోలు మీద లేదు. ధూళి గీతలు చూసుకుని పడదు కదా. యేల్ వాళ్లే 2021లో అది నకిలీ అని ఒప్పుకున్నారు. కైరో కుర్రాడికి ఇందులో నచ్చింది అనటేస్ దొరకడం కాదు, అది ఎక్కడ లేదో కూడా చూడటం. నాకూ అదే నచ్చింది. లేనిచోట కొలవడానికి ఎవరూ యంత్రం సమయం ఇవ్వరు. పెద్ద తగవులు తెగేది మాత్రం ఆ ఖాళీ కొలతల వల్లే.

ఒక సాయంత్రం బ్రిటిష్ మ్యూజియంలో 33ఏ గదికి వెళ్లాను. అమరావతి స్తూపం పలకలు అద్దాల వెనక చల్లటి గదిలో ఉన్నాయి. సర్వేయరు మెకంజీ 1797లో మొదట చూసి, తర్వాత కొలిపించి గీయించిన రాళ్లు. 1845లో వాల్టర్ ఎలియట్ తవ్వించి మద్రాసు చేరిస్తే, అక్కడ ఏళ్ల పాటు ఆరుబయట పడి ఉండి, ఓడెక్కి లండన్ చేరినవి. మనం అమరావతి పాలరాయి అంటాం గానీ అది పల్నాటి సున్నపురాయి. రామన్‌లో 1086 దగ్గర సూదిలాంటి ప్రధాన శిఖరం చూపిస్తుంది. బొగ్గు పొగ నగరాల్లో గాలిలోని గంధకం సున్నపురాయిని కొరికి జిప్సంగా మారుస్తుంది, అప్పుడు 1008 దగ్గర కొత్త శిఖరం లేస్తుంది. పక్కన నిలబడి ఒక బడిపిల్లవాడు పలక మీది ఏనుగుని నోటుబుక్కులో దించుకుంటున్నాడు. కాసేపటికి నేనూ అంకెలు వదిలేసి ఏనుగునే చూశాను. బ్లేక్ చురక పనిచేసింది అనుకుంటాను.

శిక్షణ చివర్లో స్ట్రాట్‌ఫర్డ్ వైపు వెళ్లాం. అక్కడి ఒలింపిక్ పార్కులో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం 2025లో తెరిచిన స్టోర్‌హౌస్ ఉంది. మ్యూజియం గోదామునే జనానికి తెరిచారు. ముందుగా అడిగి పెట్టుకుంటే ఎవరికైనా వస్తువు తెచ్చి బల్ల మీద పరుస్తారు. నేను అడిగింది కోరమాండల్ తీరపు అద్దకం బట్ట, 18వ శతాబ్దానిది. యూరపువాళ్లు చింట్జ్ అని వెర్రెక్కిపోయిన సరుకు. చేతులు కడుక్కుని దగ్గరికి వంగి చూశాను. ఎరుపు నిన్న అద్దినట్టుంది. ఆకులు మాత్రం నీలంగా ఉన్నాయి. ఒకప్పుడు ఆకుపచ్చే. నీలం మీద పూసిన పసుపు ఎండకి ఎగిరిపోయి కింది నీలం మిగిలింది. పువ్వు చుట్టూ నల్ల గీత ఉండాల్సిన చోట సన్నని చిల్లుల వరస. ఇనుప ద్రావణం, కరక్కాయ కలిసి ఇచ్చే నలుపు కాలం గడిచేకొద్దీ నూలునే తినేస్తుంది. గీత పోయి, గీత ఆకారంలో ఖాళీ మిగిలింది.

"ఇక్కడ మీ రెండు యంత్రాలూ ఏం చెబుతాయి?" అంది గురువు. ఇన్‌ఫ్రారెడ్‌కి కనబడేది నూలు. సెల్యులోజు గోడలా లేచి, పిసరంత రంగుని కప్పేస్తుంది. రామన్‌కి నీలం సులువు, నీలిమందు 1570 ప్రాంతంలో బాగా పలుకుతుంది. ఎరుపు దగ్గర ఫ్లోరెసెన్స్. వెండి నానో కణాలు అద్ది శిఖరాలు పెంచే పద్ధతి ఉంది గానీ దానికి ఒక పోగు తీయాలి. తీసినా వచ్చే జవాబు 'అలిజరిన్' అని. ఆ అలిజరిన్ ఎవరిది? మచిలీపట్నం అద్దకానికి పేరు తెచ్చిన చిరివేరుది కావచ్చు. యూరపు మాడర్ వేరులోనూ అలిజరిన్ ఉంది, తోడు పర్పురిన్ ఉంటుంది. మన మంజిష్ఠలో పర్పురిన్, మంజిష్టిన్‌లదే పైచేయి. 1869 తర్వాత జర్మన్ ఫ్యాక్టరీల్లో తయారైన కృత్రిమ అలిజరిన్ కూడా అదే అణువు. చిరివేరు సాగు నడుం విరగ్గొట్టింది అదే. వీటిని విడదీయాలంటే పోగుని కరిగించి, అందులోని అన్ని రంగు పదార్థాలనీ వేరు చేసే క్రోమటోగ్రఫీ కావాలి. దాని పక్కన పెట్టి పోల్చడానికి ఫలానా ఊరి ఫలానా వేరుతో, పటికతో, పాత పద్ధతిలో అద్దిన గుడ్డ ఉండాలి. ఆ నమూనా ఉంటేనే మాట చెల్లుతుంది.

సెంట్రల్ లైన్‌లో తిరిగొస్తూ పెడనలో ఉన్న అద్దకం మిత్రుడికి వాయిస్ మెసేజ్ పెట్టాను. గంజి తీసిన నూలు గుడ్డ, కరక్కాయ, గేదె పాలు, పటిక, చిరివేరు. ఒక్కో దశలో ఒక్కో జానెడు ముక్క కత్తిరించి, తేదీ రాసి, చీకట్లో దాచి ఉంచమన్నాను. స్లౌలో దిగేసరికి జవాబు వచ్చింది. "మిగతావన్నీ సరేనండి మాస్టారూ, చిరివేరు ఇప్పుడెవరు తవ్వుతున్నారు? అలిజరిన్ డబ్బాల్లో దొరుకుతుంటే!" అని నవ్వాడు. డబ్బాది వద్దు, డబ్బాదానికీ వేరుకీ తేడా కోసమే ఈ పని అన్నాను. కాసేపు ఆగి, నిజాంపట్నం వైపు ఇసుక నేలల గురించి తాత చెప్పేవాడని అన్నాడు. ఆ నిజాంపట్నమే డచ్చి, ఇంగ్లీషు వర్తకులు పెటపోలి అని పిలిచిన రేవు. 1620ల్లో అక్కడి ఎర్ర వేరుని ఇంగ్లీషు వర్తకుడు మెథ్వోల్డ్ మెచ్చుకుంటూ రాశాడు. వానలు తగ్గాక మనిషిని పంపి వెతికిస్తానని, వేరు దొరికితే మట్టితో సహా సంచిలో కట్టి పెడతానని, ఖర్చులు మాత్రం నావేనని తేల్చి చెప్పాడు.